సాలార్‌జంగ్‌లో జనమంతా గడియారం దగ్గరే! అసలు మ్యూజియం ఎవరి కోసం?

మూసీగట్టు (హైదరాబాద్)

మొన్న ఆదివారం బెజవాడ నుంచి చుట్టాలొస్తే సాలార్‌జంగ్ మ్యూజియం చూపించడానికి తీసుకెళ్ళాను. పన్నెండుకి ఇంకా పావుగంట ఉందనగానే గడియారం ముందు కుర్చీలన్నీ నిండిపోయాయి. వెనకాల నిలబడ్డవాళ్ళు పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. కింద కమ్మరి బొమ్మ సెకను సెకనుకీ సుత్తి దెబ్బ వేస్తూనే ఉంది. పన్నెండు కాగానే తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ బయటికొచ్చి, పన్నెండు గంటలు కొట్టి లోపలికి పోయింది. ఎత్తిన ఫోన్లన్నీ దిగాయి. అందరూ లేచారు. సగం మంది తిన్నగా గేటు వైపే నడిచారు, అక్కణ్ణించి చార్మినార్‌కి ఆటో.

పై అంతస్తులో చిత్రాలున్న గదికి వెళ్తే నేనూ, మా బాబాయీ, ఒక గార్డూ. అంతే.

అడగాలనుకున్నది ఇదీ. కళల మ్యూజియం అనేది ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళకి జూకీ గోల్కొండకీ మధ్య ఒక మజిలీ అయిపోతే, అది సమాజానికి చేసే పని ఏమిటి? లోపలికి ఎంతమంది వచ్చారన్న లెక్క చూసుకుని సంతోషపడాలా, వచ్చినవాళ్ళు ఏం చూశారో కూడా అడగాలా? మీరేమంటారు?

చార్మినార్_చాయ్ (హైదరాబాద్)

అన్నా, గడియారం జూడనీకె వస్తే తప్పేంది? మా నానమ్మ ఎన్నిసార్లు వచ్చినా గదే జూస్తది. బొమ్మ బయటికి రాంగనే చిన్నపోరి లెక్క నవ్వుతది. కలకత్తాల కుక్ అండ్ కెల్వీ వాళ్ళు బిగించిన గడియారం అది, అండ్ల కూడ పనితనమే ఉంది గద. నూనె రంగుల బొమ్మ జూస్తెనే కళ, గంట కొట్టే బొమ్మ జూస్తె తమాషా అని ఎవరు రాసిన్రు?

ఇంకో మాట. మా బస్తీల సగం మంది జిందగీల లోపలికి పోయిన మ్యూజియం ఇదొక్కటే. గడియారం లేకపోతే అది కూడ పోకపోతుండె.

లెక్కల_మాస్టారు (సూర్యాపేట జిల్లా)

మూసీగట్టు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ చూపు లెక్క వేరేచోట కూడా ఇలాగే ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో కళాఖండం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో కొలిచి 2001లో అచ్చు వేశారు. సగటున 27 సెకన్లు తేలింది. మధ్యస్థం తీస్తే 17 సెకన్లే. అంటే సగం చూపులు 17 సెకన్లు దాటలేదన్నమాట. అందులో పక్కనున్న వివరం చదివే సమయం కూడా కలిసే ఉంది. మన జనం ఆ గడియారం ముందు పావుగంట కూర్చుంటున్నారంటే ప్రపంచ రికార్డు కింద లెక్క!

బడి పిల్లల సంగతి నేను చెబుతాను. తెల్లారుజామున బస్సెక్కించి, జూ, చార్మినార్, సాలార్‌జంగ్, బిర్లా మందిర్, అన్నీ ఒక్క రోజులో. లోపల మేం చేసేది తలలు లెక్కపెట్టుకోవడమే. పిల్లాడు ఒక బొమ్మ ముందు ఆగాడంటే "నడువ్ నడువ్" అని తోసేది మేమే. ఆ పిల్లాడికి కళ పట్టలేదని ఎలా అంటాం?

అడ్డసవాల్

అందరూ మెత్తగా మాట్లాడుతున్నారు. నేను సూటిగానే అడుగుతా. ఒక పెద్ద జాగీర్దారు దేశదేశాల్లో చేసిన షాపింగ్‌ని మనం సంస్కృతి అంటున్నాం. పింగాణీ, చేతికర్రలు, ఏనుగుదంతం కుర్చీలు, గడియారాలు. డబ్బున్నాయన కొన్నాడు, లేనోళ్ళం టికెట్ కొని చూసి నోరెళ్ళబెడుతున్నాం. ఇందులో సమాజానికి ఒరిగిందేంటి? జనం గడియారం చూసి వెళ్ళిపోతున్నారంటే వాళ్ళే తెలివైనవాళ్ళు.

మూసీగట్టు

అడ్డసవాల్ గారూ, షాపింగే అనుకుందాం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో పోయారు. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. ఆ సొత్తు ముక్కలై, వేలంపాటల్లో తలా ఒక దేశం పోయి ఉంటే ఈ రోజు ఈ తగువే ఉండేది కాదు. 1951 డిసెంబరు 16న ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యమున్న సంస్థ అంది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. ఒకాయన ఇంట్లో కొద్దిమంది అతిథులు చూసే వస్తువుల్ని ఇవాళ చాయ్ గారి నానమ్మ చూస్తోంది. ఒరిగింది అదే. నా పేచీ ఆ తర్వాతి మెట్టు గురించి.

పీచ్‌ట్రీ_ప్రసాద్ (అట్లాంటా)

రెబెక్కా మాట ఎవరూ ఎత్తరేంటండీ? మేలిముసుగు వేసుకున్న పాలరాతి రెబెక్కాని మూడో ఆయన తాత, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. చెక్కింది బెంజోనీ అనే ఇటలీ శిల్పి. ఆయన ఆ బొమ్మని ఒక్కటే చెయ్యలేదు, చాలా ప్రతులున్నాయి. ఒకటి మా ఊళ్ళో హై మ్యూజియంలో ఉంది!

నేను వెళ్ళినప్పుడు ఇక్కడి రెబెక్కా ముందు జనం లేరు. తీరుబడిగా చుట్టూ తిరిగి చూశాను. ముసుగూ రాయే, కిందున్న ముఖమూ రాయే, రెండూ ఒకే బండ. ముక్కు దగ్గర బట్ట కాస్త బిగుసుకుని, చెంప దగ్గర వదులై, గడ్డం కింద ముడతలు పడుతుంది. ఆ ముడతల లోతులోనే ఉంది కిటుకంతా. నీడ ఎక్కడ పడాలో అక్కడ చెక్కి, మిగతాది మన కంటికి వదిలేశాడు. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ గుంపు వెనక నుంచి మునివేళ్ళ మీద నిలబడి చూసిందాన్నే ఇక్కడ దగ్గరగా చూశాను. అయినా సరే, చుట్టూ "అబ్బ, రాయంటే నమ్ముతావా" అనేవాళ్ళు లేకపోతే ఏదో వెలితి. గుంపుని మరీ తీసిపారెయ్యకండి.

అడ్డసవాల్

చూశారా, ఒకే బొమ్మకి బోలెడు ప్రతులట. పందొమ్మిదో శతాబ్దపు షోకేసు సరుకు. నేననేది అదే.

పలనాటి_పిల్ల (లండన్)

షోకేసు సరుకు కాని దాని గురించి చెప్తాను, ఓపిగ్గా వినండి.

బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి బౌద్ధ స్తూపపు చెక్కుడు రాళ్ళకి ఒక గది ఉంది, 33ఎ అంటారు. అద్దాల గోడ వెనక పెడతారు. టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు తీసుకెళ్ళాను. అమ్మది అమరావతి పక్కనే చిన్న ఊరు. లోపలికి రాగానే చెప్పులు విప్పబోయింది. వద్దన్నాను. చేతులు మాత్రం జోడించింది. "ఇది మన రాయేనా?" అని అడిగింది. "పల్నాటి సున్నపురాయేనమ్మా" అన్నాను. ఇంకేం మాట్లాడకుండా ఒక్కో రాయి ముందూ ఆగింది.

అక్కడ ఒక ఫలకం ఉంది, రెండు వైపులా చెక్కింది. ఒకవైపు ఖాళీ సింహాసనం, దాని మీద బోధివృక్షం, చుట్టూ మొక్కే జనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలం నాటిది, క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం. కొన్ని వందల ఏళ్ళకి ఆ రాయినే తిప్పి రెండో వైపు స్తూపం మొత్తాన్ని చెక్కారు, చుట్టుకంచె, గుమ్మం ముందు సింహాలు, పైన ఎగిరే దేవతలతో సహా. ఇప్పుడు కృష్ణ ఒడ్డున స్తూపం మొండి దిబ్బ. అది నిలబడ్డప్పుడు ఎలా ఉండేదో చెప్పగలిగింది అలాంటి రాళ్ళే.

ఆ గదిలో ఆ పూట ఎక్కువమంది ఇటు నుంచి అటు దాటిపోయేవాళ్ళే. మూసీగట్టు గారు అడిగినట్టు అడిగితే అదీ విఫలమైన గదే. కానీ వాళ్ళందరికీ అది దాటిపోయే దారి, మా అమ్మకి మాత్రం కాదు. సందర్శకులందర్నీ ఒక్క గాటన కట్టి సగటు తీస్తే మా అమ్మ ఆ లెక్కలో కనపడదు మాస్టారూ.

అడ్డసవాల్

అయితే ఆ రాళ్ళు వెనక్కి ఇచ్చెయ్యమని అడగండి. మ్యూజియాల పాత్ర ఏంటో అప్పుడు తేలుతుంది. దొంగసొత్తు దాచే కొట్టు!

పలనాటి_పిల్ల

అడగాలి. నేనూ ఆ పక్షమే. కాకపోతే కథ మీరన్నంత సాఫీగా లేదు. 1797లో కంపెనీ సర్వేయరు మెకంజీ అక్కడికి వెళ్ళేసరికే దిబ్బని తవ్వేసి రాళ్ళు ఇళ్ళకీ కట్టడాలకీ వాడుతున్నారు. కాల్చి సున్నం చేసినవీ ఉన్నాయి. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చాడు, 1859లో వాటిల్లో చాలా భాగం ఓడెక్కాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవి కూడా కలుపుకుంటే పెద్ద వాటా ఇప్పటికీ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. లండన్ దాకా ఎందుకు, చెన్నై వెళ్ళి అవి చూసొచ్చిన తెలుగువాళ్ళు ఈ చర్చలో ఎంతమంది ఉన్నారు?

తాంబరం_తాతయ్య (చెన్నై)

నేనున్నానమ్మా. మా చిన్నప్పుడు మద్రాసులో దాన్ని చచ్చిన కాలేజీ అనేవాళ్ళు, జూని బతికిన కాలేజీ అనేవాళ్ళు. పండక్కి ఊరి నుంచి ఎవరొచ్చినా రెండు కాలేజీలూ చూపించాలి. చచ్చిన కాలేజీలో తిమింగలం ఎముకలు చూసి హడలిపోయేవాళ్ళం. అమరావతి రాళ్ళ మధ్య దాగుడుమూతలు ఆడుకున్నాం. అవేమిటో చెప్పేవాళ్ళు లేరు. కాలేజీ దిగాక చదువుకుని మళ్ళీ వెళ్ళాను. ఎముకల కోసం వెళ్ళకపోయి ఉంటే ఆ రాళ్ళ సంగతి నాకు పట్టేదే కాదు.

లెక్కల_మాస్టారు

తాతయ్య గారూ, దండాలు.

పలనాటి అమ్మాయి మాటకి జోడింపు. ఫణిగిరి మా జిల్లాలోనే. కొండ మీద బౌద్ధ స్తూపం, తవ్వకాల్లో బయటపడిన తోరణపు దూలాలు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెడితే ఇక్కడి రాళ్ళు అక్కడికి వెళ్ళాయి. న్యూజెర్సీలో ఉండే నా పాత శిష్యుడు ఫోటో పంపి "సార్, ఇది మన ఫణిగిరా? బడిలో ఉన్నప్పుడు ఎప్పుడూ తీసుకెళ్ళలేదేం?" అన్నాడు. ఏం చెప్పను!

ఇంకొకటి అడ్డసవాల్ గారికి. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్థలం దగ్గరి చిన్న మ్యూజియం నుంచి బుద్ధుణ్ణి కొలిచే భక్తుల శిల్పఫలకం దొంగలపాలైంది. చేతులు మారి మారి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. కూపీ లాగితే బయటపడింది, 2016లో తిరిగి ఇచ్చేశారు. పెద్ద మ్యూజియం దొంగసొత్తు కొన్నదన్నమాట నిజమే. కానీ జనం రాకపోకలున్న చోట రాయి మాయమైతే మర్నాడు ఊరంతా గగ్గోలు పెడుతుంది. నలుగురూ వచ్చి పోవడమే కాపలా. మా పిల్లలు ఏమీ అర్థం చేసుకోకుండా "ఇక్కడ ఇదుంది" అని గుర్తుపెట్టుకున్నా చాలు, నాకు అది పాఠమే.

చార్మినార్_చాయ్

మాస్టారూ, కాపలా మాట బాగ చెప్పిన్రు. 👏

గోదారిగాలి (రాజమండ్రి)

పెద్ద మ్యూజియాల గొడవలో పడి చిన్నవాటిని మర్చిపోతున్నారు మీరంతా.

మా ఊళ్ళో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. ఆయన పుట్టింది 1897లో. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆయన చెయ్యి చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి పంపించారు. అక్కణ్ణించి తిరిగొచ్చి ఇక్కడే గోదావరి జనాన్ని, ఆడవాళ్ళని, పశువుల్ని గీసుకుంటూ కూర్చున్నాడు. 1925లో మశూచి సోకి పోయాడు. ముప్పై కూడా నిండలేదు. ఆయన బొమ్మలు ఎవరింటికి వాళ్ళు పట్టుకుపోకుండా ఒక్కచోట నిలబడ్డాయంటే ఊరు పూనుకోబట్టే.

నేను డ్రాయింగు మాస్టర్ని. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే ఒకటే షరతు. గది మొత్తం ఒక చుట్టు తిరిగిరా, నీకు నచ్చిన బొమ్మ ఒక్కటి పట్టుకో, దాని ముందు నేల మీద కూర్చో. అరగంట. పెన్సిలుతో గియ్యి. మొదటి పది నిమిషాలూ గొణుగుడు, గిల్లుకోవడం, "మాస్టారూ అయిపోయింది". పొమ్మని మళ్ళీ వెనక్కి పంపుతాను. పావుగంట దాటాక చూడాలి. "మాస్టారూ, ఈవిడ చెయ్యి ఇలా వంకరగా ఉంటే నెప్పెట్టదా?" "ఆకుపచ్చ కింద ఎరుపెందుకు వేశాడు?" ఇవన్నీ నేను చెప్పేవి కావు, వాళ్ళడిగేవి. గీసింది ఎలా వచ్చిందన్నది నాకు అక్కర్లేదు. చెయ్యి కదలాలంటే కన్ను ఆగాలి, అదీ లెక్క.

మూసీగట్టు గారూ, మీ గడియారం జనం పావుగంట కూర్చోగలరని మీరే రాశారు. కూర్చోవడానికి కుర్చీ, ఎదురుచూడ్డానికి ఒక సంగతి ఉన్నాయి కాబట్టి కూర్చున్నారు. చిత్రాల గదిలో ఆ రెండూ పెట్టి చూడండి.

దూదీ_బ్రష్షూ

ఒక మ్యూజియంలో పదిలపరిచే విభాగంలో పనిచేస్తాను. పేరు చెప్పను, మా మ్యూజియం పేరూ చెప్పను, ఉద్యోగం ముఖ్యం 🙂

గోదారిగాలి గారు కుర్చీ మాట అన్నారు కాబట్టి. బోస్టన్ మ్యూజియంలో గిల్మన్ అనే ఆయన 1916లోనే మ్యూజియం అలసట గురించి రాశాడు. ఒక మనిషిని అద్దాల బీరువాల ముందు నిలబెట్టి ఫోటోలు తీయించాడు. ఒకచోట నడుం వంచుతున్నాడు, ఒకచోట గొంతుక్కూర్చుంటున్నాడు, ఒకచోట మెడ సాచుతున్నాడు. జనం చూడకపోవడానికి కారణం ఒక్కోసారి అభిరుచి కాదు, నడుము! వందేళ్ళు దాటినా ఇప్పటికీ వివరాలు మోకాలి ఎత్తులో చిన్న అక్షరాలతో పెట్టేవాళ్ళున్నారు.

"లోపలంతా చీకటి, కరెంటు బిల్లు మిగుల్చుకుంటున్నారు" అంటారు చాలామంది. కాదండీ. కాగితం మీది సూక్ష్మచిత్రాలకీ, బట్టలకీ వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటకూడదని నియమం. వెలుతురు తిన్న రంగు తిరిగి రాదు. గదిలోకి రాగానే ఒక నిమిషం నిలబడండి, కళ్ళు సర్దుకుంటాయి, అప్పుడు కనబడుతుంది.

ముట్టుకోవద్దనేదీ పెత్తనం కోసం కాదు. చేతి చెమటలో ఉప్పూ జిడ్డూ ఉంటాయి. ఒక్కరు తాకితే ఏమీ కాదు, రోజూ వందలమంది ఒకే మోకాలు నిమిరితే ఆ చోటు నల్లబడుతుంది. సున్నపురాయి అయితే మరీనూ.

కానీ పలనాటి పిల్ల గారి అమ్మగారి లాంటివాళ్ళు వచ్చినప్పుడు మాకు ఇరకాటమే. మా దగ్గర ఒక విగ్రహం పాదాల దగ్గర పొద్దున్నే పూలు కనిపిస్తాయి. చిల్లర నాణేలు కూడా. కుంకుమ పెడితే మాత్రం నా గుండె జారుతుంది, ఆ ఎరుపు రాయిలోకి ఇంకిపోతుంది. అలా అని కసురుకుంటానా? ఆ విగ్రహాన్ని చెక్కించిందే మొక్కడానికి. మొక్కేవాళ్ళని తప్పుచేసినట్టు చూసి, సెల్ఫీ తీసుకునేవాళ్ళని సందర్శకులనడం నాకు నచ్చదు. పూలకి ఒక పళ్ళెం పెట్టాను, కాస్త దూరంగా. పైవాళ్ళు ఇంకా చూడలేదు.

పలనాటి_పిల్ల

పళ్ళెం సంగతి మా అమ్మకి చదివి వినిపించాను. మీ మ్యూజియం ఎక్కడో చెప్పమంటోంది!

దూదీ_బ్రష్షూ

చెప్పనుగా 🙂

పీచ్‌ట్రీ_ప్రసాద్

అడ్డసవాల్ గారి "డబ్బున్నాయన షాపింగ్" మాటకి ఒకటి గుర్తొచ్చింది. న్యూజెర్సీ నెవార్క్‌లో 1909లో మ్యూజియం పెట్టిన జాన్ కాటన్ డేనా ఒక లైబ్రేరియన్. కార్మికులుండే ఊరికి గ్రీకు బొమ్మలెందుకని, కొట్లో పది సెంట్లకి దొరికే గిన్నెల్నీ గ్లాసుల్నీ ఏరి ప్రదర్శన పెట్టాడు. అందానికీ ధరకీ సంబంధం లేదని చూపించడానికి. మనవాళ్ళు ఆ పని చెయ్యొచ్చు కదా? కొండపల్లి బొమ్మ, పెంబర్తి ఇత్తడి, పోచంపల్లి చీర షాపులో ఉంటే సరుకు, మ్యూజియంలో ఉంటే కళా?

అడ్డసవాల్

ఇది నచ్చింది. కానీ పోచంపల్లి చీర గాజుబీరువాలో పెడితే, నేసినాయన టికెట్ కొనుక్కుని చూడాలా? ఆయనకి ఊరికే వదలండి. అప్పుడు నేను నోరు మూసుకుంటా.

చార్మినార్_చాయ్

నువ్వు నోరు మూసుకుంటవా? అయ్యేపని చెప్పు అన్నా 😂

నిర్వాహకులు

చేనేత కూలి రేట్ల మీద పెట్టిన పది పన్నెండు వ్యాఖ్యల్ని వేరే చర్చకి మార్చాం. అక్కడ కొనసాగించండి. ఇక్కడ మ్యూజియాల గురించే.

మూసీగట్టు

అన్నీ చదివాను. నా మాట మీద నేనున్నాను, కాకపోతే ఇంకొంచెం విడమరుస్తాను. జనం గడియారం కోసం రావడం నాకు అడ్డం కాదు. గంటలు కొట్టాక అంతమంది ఒక్కసారి లేస్తారే, ఆ నిమిషం నాకు కావాలి. ఆ నిమిషంలో ఎవరో ఒకరు నిలబడి "రండి, ముందు మగవాడు, అద్దంలో ఆడది, ఆ చెక్కబొమ్మ చూపిస్తా" అంటే పదిమంది వెనకాల నడుస్తారు. మెఫిస్టోఫిలిస్, మార్గరెటా బొమ్మ గురించే చెప్తున్నా. ఒకటే మాను, ముందు తలెగరేసిన సైతాను, వెనక తలొంచుకున్న పిల్ల. ఆ పిల్లని నేరుగా చూడలేం, వెనకున్న అద్దంలో చూడాలి. "వాడికి వెనక ఆమె ఉందని తెలుసా?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, గదిలో తగువు మొదలవుతుంది. నాకు ఆ తగువు కావాలి. గోడ మీద వివరం ఎంత బాగా రాసినా ఆ ప్రశ్న వెయ్యదు. జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టడం ఏ మ్యూజియానికైనా దండగ కాదు. అందాకా మనలాంటివాళ్ళం సెలవు రోజున ఊరికే చెయ్యలేమా?

గోదారిగాలి

చెయ్యొచ్చు. కానీ ప్రశ్న వేసి నోరు కట్టుకోవాలి. మనవాళ్ళకి అదే కష్టం, జవాబు కూడా మనమే చెప్పేస్తాం.

లెక్కల_మాస్టారు

మూసీగట్టు గారూ, అన్నమాట మీద ఉంటారా? వచ్చే నెల మా తొమ్మిదో తరగతిని తీసుకొస్తున్నాను. శుక్రవారం సాలార్‌జంగ్‌కి సెలవు కాబట్టి గురువారం పెట్టుకున్నాం. ఈసారి జూ కొట్టేశాను. తలా ఒక కాగితం, ఒక పెన్ను ఇస్తాను. గోదారిగాలి గారి పద్ధతే.

దూదీ_బ్రష్షూ

పెన్ను వద్దు సార్! పెన్సిలే. సిరా చిమ్మితే మా పని మూడురెట్లు. ముందుగా ఒక ఉత్తరం రాసి, గదుల్లో కూర్చుని గీసుకోవడానికి ఒప్పుకుంటారో లేదో అడగండి. అట్ట కూడా ఇవ్వండి, లేకపోతే పిల్లలు కాగితం బీరువా అద్దానికి ఆనించి గీస్తారు.

మూసీగట్టు

ఉంటాను మాస్టారూ. గురువారం సెలవు పెడతాను. పిల్లల్ని మూడు గుంపులు చెయ్యండి, ఒక గుంపు నాది.

చార్మినార్_చాయ్

ఒక గుంపు నాది. నానమ్మని కూడ తీస్కొస్త.

అడ్డసవాల్

జూ కొట్టేస్తే పిల్లలు ఊరుకుంటారా?

లెక్కల_మాస్టారు

ఊరుకోరు. అందుకే వాళ్ళకి ఇంకా చెప్పలేదు.